కొత్త విచారణ గురువుకు ఒక ఉత్తరం

ప్రియమైన సోదర గురువుకు,

నీకు విచారణ, అంటే ఒక పారిష్ బాధ్యత, అప్పగించారని విని సంతోషించాను. మన కతోలిక శ్రీసభ నియమావళి అయిన కానన్ చట్టాన్ని జనం మధ్య ఎలా వాడాలో రాయమన్నావు.

రెండవ జాన్ పాల్ పోపుగారు 1983లో ప్రకటించిన ఆ చట్ట స్మృతిలో 1752 నియమాలున్నాయి. ఆత్మల రక్షణే శ్రీసభలో అత్యున్నత చట్టమన్న మాట చివరి నియమంలో వస్తుంది. ప్రసంగాల్లో అందరూ వల్లించే మాటే. ఆ నియమం విచారణ గురువుల బదిలీ గురించినదని మాత్రం చాలామంది గమనించరు. అంత పెద్ద మాటను తీసుకెళ్లి ఆఫీసు వ్యవహారంలో పెట్టారు! నాకైతే అదే నచ్చుతుంది.

ఒకటి గుర్తుంచుకో. ఈ చట్టం విశ్వాసుల కంటే ముందు నీ చేతులకే పగ్గం వేస్తుంది. జ్ఞానస్నానం కోసం బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లితో ‘ముందు చందా బాకీ కట్టండి’ అనేవారు మనలో లేకపోలేదు. 848వ నియమం తీసి చూడు: నిర్ణయించిన కానుకకు మించి అడగకూడదు, పేదరికం వల్ల ఎవరికీ జ్ఞానస్నానం వంటి సంస్కారాలు దూరం కాకుండా చూడాలి. తల్లిదండ్రులు పూజకు రావడం లేదంటావా? బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశకు ఆధారం ఉంటే చాలు అంటుంది 868. ఆ ఆశ బొత్తిగా లేకపోయినా వాయిదా వేసి, కారణం చెప్పమంటుందే తప్ప గెంటేయమనదు. అమ్మమ్మ రోజూ జపమాల చెప్పించే ఇంట్లో ఆ ఆశ లేదని ఎలా అంటావు? హక్కులను కుదించే నియమాలను ఇరుకుగానే అన్వయించాలని 18వ నియమం. కనుక సొంత షరతులు తగిలించకు.

అలాగని మెతకగా ఉండమనడం లేదు. పెళ్లి దగ్గర గట్టిగా ఉండు. వరుడు గల్ఫ్ నుంచి సెలవు మీద వస్తాడు, అప్పటికే కార్డులు పంచేసి ఉంటారు, ‘ఈ ఒక్కసారికి కాగితాలు వదిలేయండి ఫాదర్’ అని పెద్దలు బతిమాలతారు. మొహమాటపడకు. అతనికి వేరే పెళ్లి లేదని ధ్రువపత్రం రావాలి. వధూవరులిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఇష్టం అడగాలి. తండ్రి పక్కన తలూపిన అమ్మాయి, ఆయన బయటికి వెళ్లాక వేరే మాట చెప్పవచ్చు. బలవంతం వల్లగానీ తీవ్రమైన భయం వల్లగానీ జరిగిన వివాహం చెల్లదని 1103వ నియమం. ఆ కాగితాల శ్రమంతా ఆ పిల్ల కోసమే.

ఇంకొకటి, బరువైనది. బుద్ధిపూర్వకంగా ఆత్మహత్య చేసుకున్నవారికి 1917 నాటి స్మృతి శ్రీసభ అంత్యక్రియలు నిరాకరించింది. అంత్యక్రియలు ఎవరికి నిరాకరించాలో ఇప్పటి 1184వ నియమం చెప్పే జాబితాలో వారి ఊసు లేదు. ఊళ్లో పెద్దలు మాత్రం ఇంకా పాత మాటే పట్టుకుని ఉంటారు. అలాంటి కబురు వస్తే వారితో వాదనకు కూర్చోకు, ముందు ఆ ఇంటికి వెళ్లు. నిజంగా సందేహం ఉంటే పీఠాధిపతిని, అంటే బిషప్‌గారిని, అడగమని ఆ నియమమే చెబుతోంది. ఫోను ఉంది కదా.

పాస్కా (ఈస్టర్) పండుగ అయ్యాక వస్తాను. జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లు తీసి ఉంచు, కలిసి చూద్దాం.

ప్రభువులో,
నీ అన్న