బిల్లు ఒక కౌంటర్‌లో కొడితే ఇంకో కౌంటర్‌లో వస్తోంది
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా హోటల్లో కింద టిఫిన్ హాలు, మేడ మీద ఏసీ హాలు, బయట పార్సిల్ కౌంటర్ ఉన్నాయి. మూడు చోట్లా కంప్యూటర్లున్నాయి. ప్రింటర్ మాత్రం కింది కంప్యూటర్‌కే యూఎస్‌బీ వైరుతో పెట్టి, మిగతా రెండింటికీ షేర్ చేశాం. ఆ కంప్యూటర్ ఆపితే ఎక్కడా బిల్లు రాదు. పార్సిల్ దగ్గర రెండో ప్రింటర్ పెట్టాక అక్కడ కొట్టిన బిల్లు ఒక్కోసారి కింద వస్తోంది. కొత్తగా అమర్చుకోవాలంటే ఎలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మీ రెండో ఇబ్బంది ముందు చూద్దాం. అది ఈ రోజే సరిచేసుకోవచ్చు. విండోస్ 10, 11లో ప్రింటర్ల సెట్టింగ్స్‌లో ‘డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకోవాలి’ అనే అర్థం వచ్చే మీట ఉంటుంది. అది వేసి ఉంటే, చివరగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోతుంది. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌కే పంపేదైతే బిల్లు దారి తప్పుతుంది. మూడు కంప్యూటర్లలోనూ ఆ మీట తీసేయండి. సాఫ్ట్‌వేర్‌లో ఏ కౌంటర్‌కి ఏ ప్రింటరో పేరుతో ఎంచి పెట్టండి.

ఇక అసలు అమరిక. ప్రింటర్ బతుకు ఏ కంప్యూటర్ మీదా ఆధారపడకూడదు. ల్యాన్ పోర్టు (నెట్‌వర్క్ వైరు పెట్టే చోటు), ఆటో కట్టర్ ఉన్న 80 మిల్లీమీటర్ల థర్మల్ (వేడితో అచ్చువేసే) ప్రింటర్లు మూడు, వంటింటికి ఒకటి తీసుకోండి. కంప్యూటర్లు మూడు, ప్రింటర్లు నాలుగు, రౌటర్ ఒకటి కలిపితే 8 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ (ల్యాన్ వైర్లన్నిటినీ కలిపే పెట్టె) అప్పుడే నిండిపోతుంది. కాబట్టి 16 పోర్టులది కొనండి. మేడ మీదికి క్యాట్ 6 వైరు లాగించండి. 100 మీటర్ల లోపు ఉంటే చాలు. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం దాన్ని లాగనివ్వకండి. ఆరుబయట వేలాడదీస్తే వానాకాలం పిడుగులకి ప్రింటర్ల ల్యాన్ పోర్టులు పోతాయి.

ఒకే కంపెనీ ప్రింటర్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి ఒకే ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరుతో) వస్తుంటాయి. నాలుగూ ఒకేసారి స్విచ్‌కి పెడితే ఒకే నంబరు కోసం కొట్లాడుకుంటాయి. బిల్లు ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ వస్తుంది, ఒకసారి అసలే రాదు. అందుకే ఒకటి సెట్ చేశాకే రెండోది తగిలించండి. చాలా మోడళ్లలో ఫీడ్ బటన్ నొక్కిపట్టి ప్రింటర్ పవర్ స్విచ్ వేస్తే సెల్ఫ్ టెస్ట్ స్లిప్పు వస్తుంది. ప్రింటర్ అడ్రస్ దాని మీదే ఉంటుంది. అది 192.168.123.100 అని ఉండి, మీ రౌటర్ 192.168.1.1 అయితే కంప్యూటర్‌కి ప్రింటర్ కనిపించదు. కాసేపు కంప్యూటర్ అడ్రస్‌ను 192.168.123.50గా పెట్టి, కంపెనీ ఇచ్చిన టూల్‌తో ప్రింటర్ అడ్రస్ మార్చండి, తర్వాత కంప్యూటర్‌ను యథాస్థితికి తెండి. రౌటర్ తనంతట తాను పంచే అడ్రసుల చివరి సంఖ్యను 100 నుంచి 199 వరకే ఉంచి, ప్రింటర్లకి 201, 202, 203, 204 స్థిరంగా ఇవ్వండి. ఆ నంబరు కాగితం మీద రాసి ప్రింటర్‌కే అతికించండి.

విండోస్‌లో ప్రింటర్ చేర్చేటప్పుడు టీసీపీ/ఐపీ పోర్టు ఎంచుకుని, ‘రా’ (Raw) పద్ధతి, పోర్టు 9100 పెట్టండి. అక్కడే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అనే టిక్ ఉంటుంది. తీసేయండి. ప్రింటర్ చక్కగా ఉన్నా విండోస్ ‘ఆఫ్‌లైన్’ అని చూపడానికి చాలాసార్లు అదే కారణం. పేర్లు మూడు కంప్యూటర్లలోనూ ఒకేలా ఉండాలి: కింద, మేడ, పార్సిల్, కిచెన్.

వంటింట్లో థర్మల్ ప్రింటర్ పొయ్యికి దగ్గరగా ఉంటే కేఓటీ (వంటింటికి వెళ్లే ఆర్డరు చీటీ) కాగితం వేడికే నల్లబడుతుంది. రిబ్బన్‌తో కొట్టే ఎప్సన్ టీఎం-యూ220 లాంటిది అక్కడికి మేలు. మామూలు 76 మిల్లీమీటర్ల కాగితం సరిపోతుంది, చప్పుడు మాస్టర్‌కి వినిపిస్తుంది. గల్లాపెట్టె వైరు బిల్లు ప్రింటర్ వెనక దానికోసమే ఉన్న సాకెట్లోనే పెట్టాలి. అందులోంచి 24 వోల్టులు రావచ్చు, ల్యాన్ వైరు, ఫోన్ వైరు అక్కడ పెట్టకూడదు.

స్విచ్‌నీ రౌటర్‌నీ కూడా యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్, ప్రింటర్ వెలుగుతూనే ఉండి బిల్లు రాకపోతే, మధ్యలో స్విచ్ ఆగిపోయిందేమో చూడాలి.

ప్రశ్న: మా వంటమాస్టర్ ఒడియా, టిఫిన్ మాస్టర్ తెలుగు చదువుతారు. ఆ భాషల్లో కేఓటీ కొడితే అన్నీ ప్రశ్నార్థకాలే వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మామూలు బిల్లు ప్రింటర్ల లోపలి అక్షరాల్లో తెలుగూ ఒడియా ఉండవండీ. సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ పద్ధతి మాని, విండోస్ డ్రైవర్ ద్వారా బొమ్మగా పంపే గ్రాఫిక్ పద్ధతి ఎంచుకోండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంటులో రెండు లిపులూ ఉన్నాయి. అక్షరం 12 పాయింట్ల కంటే తగ్గిస్తే ఒత్తులు అలుక్కుపోతాయి, ఎందుకంటే మామూలు థర్మల్ ప్రింటర్లు అంగుళానికి 203 చుక్కలే వేస్తాయి. బొమ్మగా పంపితే ప్రింటు కాస్త నెమ్మదిస్తుంది. కేఓటీ మాత్రమే అలా పెట్టి, గిరాకీ బిల్లు పాత పద్ధతిలోనే ఉంచండి.

ప్రశ్న: మూడు కౌంటర్లకీ బిల్లు నంబర్లు వేర్వేరుగా ఉండొచ్చా? ఇచ్ఛాపురం నుంచి వచ్చి తినేవాళ్లకి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకి వేసే జీఎస్టీ) వేయాలా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఉండొచ్చు, అలా ఉండటమే మంచిది. ఒకే వరుస పెడితే నెట్‌వర్క్ తెగినప్పుడు రెండు కౌంటర్లూ ఒకే నంబరు కొట్టేస్తాయి. ప్రతి కౌంటర్‌కి ముందు ఒక అక్షరం ఇవ్వండి. మొత్తం 16 అక్షరాలు మించకుండా, ఆర్థిక సంవత్సరంలో నంబరు మళ్లీ రాకుండా ఉంటే చాలు. మళ్లీ కొట్టిన బిల్లు మీద ‘డూప్లికేట్’ అని పడాలి.

భోజనం ఎక్కడ వడ్డించారో అదే సేవాస్థలం. గిరాకీ ఆంధ్ర నుంచి వచ్చినా మీ హాల్లో తింటే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా)లే. 5 శాతం పన్ను కట్టే హోటల్‌కి చెరి 2.5. బిల్లు మీద 21తో మొదలయ్యే మీ ఒడిశా జీఎస్టీ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉండాలి. ఈ రెండోది 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. థర్మల్ అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి. లెక్కలేమో ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. అందుకని కాగితాన్ని నమ్ముకోకుండా రోజూ డేటా బ్యాకప్ తీయండి.

ప్రశ్న: కొత్త రోల్ వేశాక కాగితం తెల్లగానే వస్తోంది. ప్రింటర్ పోయిందా?
– ఒక పాఠకుడు, గుణుపూర్

జవాబు: రోల్ తిరగేసి వేసినట్టున్నారు. థర్మల్ పూత ఒకవైపే ఉంటుంది. గోరుతో గీరి చూడండి, నల్లగీత పడిన వైపు ప్రింట్ హెడ్‌కి తగలాలి. అక్షరాల మధ్య నిలువుగా తెల్లగీత వస్తే అది వేరే సంగతి. స్విచ్ తీసి, హెడ్ చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, ఆరనిచ్చాకే మూత వేయండి. అప్పటికీ గీత పోకపోతే హెడ్‌లో చుక్క కాలిపోయింది, హెడ్ మార్పించాల్సిందే.