కొత్త వార్డెన్‌కు బాబాయి ఉత్తరం

చి. శ్రీకాంత్‌కు,

బాబాయి ఆశీస్సులు. బాయ్స్ హాస్టల్ నీకు అప్పగించారని అన్నయ్య చెప్పాడు. గంజాయి, ర్యాగింగ్ సంగతులు చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నేను మెస్ గురించి రాస్తున్నాను.

తిండి మానేసే జబ్బు ఆడపిల్లలకే వస్తుందని మనవాళ్ల నమ్మకం. 1689లో రిచర్డ్ మార్టన్ అనే ఇంగ్లండు వైద్యుడు వర్ణించిన రెండు కేసుల్లోనే ఒకటి పదహారేళ్ల కుర్రాడిది. మగపిల్లల్లో ఇది బయటపడదు, ఎందుకంటే మనం మెచ్చుకుంటాం. సెలవులకెళ్లి సగమై వచ్చినవాణ్ణి "ఏం కంట్రోల్ రా నీది!" అంటాం. ఆ మాట నీ నోట మాత్రం రానీయకు.

ఇంకో రకం ఉంది. కండలు తిరిగి ఉన్నా అద్దంలో వాడికి బక్కోడే కనిపిస్తాడు. మజిల్ డిస్‌మార్ఫియా అంటారు. అలాగని జిమ్‌కెళ్లే ప్రతివాణ్ణీ అనుమానిస్తే సగం హాస్టల్ నీ లిస్టులోకి వస్తుంది. ఒకరోజు జిమ్ తప్పితే వాడేమవుతున్నాడో చూడు. ఇంట్లో అరిసెలు తినాల్సొస్తుందని సంక్రాంతి టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాడంటే అది ఆరోగ్యం మీద శ్రద్ధ కాదు, భయం.

ఎవరి మీద కన్నేసి ఉంచాలంటావా? చిన్నప్పుడు 'బండోడు' అనిపించుకున్నవాడి మీద. ఆ పేరు వాడు మర్చిపోడు. ఒక్క మార్కు తగ్గినా ఓర్చుకోలేనివాడు ఇంకొకడు. ఇంటర్‌లో క్లాస్ ఫస్టు, ఇక్కడికొస్తే అందరూ ఫస్టులే. అప్పుడు వాడి అదుపులో మిగిలేది కంచం ఒక్కటే. ఇక, బాధ కలిగితే బాధ అని చెప్పడం రానివాడు. "ఏమైందిరా" అంటే "గ్యాస్ సార్" అంటాడు. వీళ్లందరికీ జబ్బు వస్తుందని కాదు, ముప్పు ఎక్కువ, అంతే.

వాదించి తినిపించాలని చూడకు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో 1945లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు దాదాపు సగం తిండే పెట్టి చూశారు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం, పొద్దస్తమానం తిండి ధ్యాస. కొందరైతే వంటల పుస్తకాలు పోగేసుకున్నారు! ఆకలే బుద్ధిని అలా మారుస్తుంది. మొండితనం అనుకుని నువ్వు అరిస్తే వాడు రేపట్నుంచి ప్లేటు తీసుకుని రూమ్‌కి పోతాడు.

ఒంటరిగా పిలువు. ఒళ్లు గురించి ఎత్తకు. నిద్ర పడుతోందా, మెస్‌కి రావాలంటే ఏమనిపిస్తోంది అని అడుగు. మొదటిసారి చెప్పడు. వారం తర్వాత మళ్లీ అడుగు. రూమ్మేట్లను గూఢచారులుగా మాత్రం పెట్టకు.

కళ్లు తిరిగి పడినా, గుండె దడ అన్నా, తిన్నది కక్కుకుంటున్నాడని తెలిసినా ఆలస్యం చేయకుండా ముందు ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లు. వాంతులతో పొటాషియం పడిపోతే గుండెకే ప్రమాదం. ఆ తర్వాత సైకియాట్రిస్టు. దారి తెలియకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వాళ్ల నాన్నకు చెబితే "ఇంటికి పంపండి సార్, వాళ్లమ్మ బిర్యానీ పెడితే అదే పోతుంది" అంటాడు. ఒప్పుకోకు. చాలా రోజులు పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా దండిగా పెడితే ప్రాణం మీదికి రావచ్చు. ఎంత పెట్టాలో, ఎలా పెంచాలో డాక్టరు చీటీ రాసిచ్చాకే ఇంటికి పంపు. ఆ చీటీ వాళ్లమ్మ చేతికే ఇవ్వు.

మీ బాబాయి