కిరీటం తీసేసి చూడండి: చారిత్రక సిట్‌కామ్‌పై పాఠకుల సందేహాలు

ప్రశ్న: కొత్తగా మొదలైన రాజుల కాలం సిట్‌కామ్ (హాస్య ధారావాహిక) మొదటి ఎపిసోడ్ ఇంటిల్లిపాదీ చూశాం. ఒక్కరికీ నవ్వు రాలేదు. సోషల్ మీడియాలోనూ దుమ్మెత్తిపోస్తున్నారు. ఇక్కడితో ఆపేయమంటారా?

జవాబు: మూడో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి. ఆఫీసు కామెడీలో మేనేజరు తలుపు తోసుకొని వస్తే చాలు, ఎవరు ఎవరికి భయపడాలో మనకు ముందే తెలుసు. రాజుల కాలంలో అలా కుదరదు. ఎవరి మాటకు ఎవరి తల తెగుతుందో తెలిస్తేనే జోకు పేలుతుంది. తొలి ఎపిసోడ్‌లో చాలా భాగం ఆ పరిచయాలకే పోతుంది. పైగా కోటలూ గుర్రాలూ చూపించే సరదా ఒకటి!

బ్రిటన్ రాజుల కాలం మీద బీబీసీ తీసిన సిట్‌కామ్ ‘బ్లాకాడర్’ సంగతే తీసుకోండి. బ్లాకాడర్ అంటే అందులో హీరో పేరు. 1983 నాటి మొదటి సిరీస్‌లో హీరో మొద్దు, నౌకరు బాల్డ్రిక్ తెలివైనవాడు. 1986లో రెండో సిరీస్‌కి వచ్చేసరికి ఇది తలకిందులైంది. హీరో వేషం వేసిన రోవన్ అట్కిన్సన్ రాయడం మానేసి నటన మీదే ఉండిపోయాడు, రచనలో రిచర్డ్ కర్టిస్‌కు బెన్ ఎల్టన్ తోడయ్యాడు. ఖర్చు తగ్గించడానికి అవుట్‌డోర్ కట్టిపెట్టి స్టూడియోలోకొచ్చారు. మేలే జరిగింది. నాలుగు గోడల మధ్య మాటల పోట్లాట పదునెక్కింది. జనానికి గుర్తుండిపోయింది ఆ తెలివైన బ్లాకాడరే.

తర్వాతి రెండు ఎపిసోడ్లకు ఒక పరీక్ష పెట్టండి. ఏదైనా సీను తీసుకొని మనసులోనే కిరీటాలూ కత్తులూ తీసేయండి. యుద్ధంలో ఓడిపోయామన్న కబురు రాజుకు చెప్పడానికి ముగ్గురు మంత్రులు ‘మీరు వెళ్లండంటే మీరు వెళ్లండ’ని ఒకరినొకరు ముందుకు తోసుకుంటున్నారనుకోండి. మామూలు బట్టల్లోనూ అది నవ్విస్తుంది. విగ్గు ఊడిపడటం తప్ప ఇంకేమీ మిగలకపోతే మొహమాటం లేకుండా వదిలేయండి.

ప్రశ్న: వెనక నుంచి వచ్చే నవ్వులు చికాకు పెడుతున్నాయి. అవి నిజమైనవేనా? తీసేస్తే పోదా?

జవాబు: రెండు రకాలూ ఉంటాయి. స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి, వాళ్ల తలల పైన మైకులు వేలాడదీసి రికార్డు చేసేది ఒకటి. బయట తీసిన గుర్రాల సీన్లు వాళ్లకు తెర మీద చూపించి ఆ నవ్వునూ పట్టుకుంటారు. రెండోది నిల్వ నవ్వు, అంటే ముందే రికార్డు చేసి ఉంచుకొని తర్వాత అతికించేది. అమెరికాలో 1950లలో చార్లెస్ డగ్లస్ తయారుచేసిన పెట్టెతో ఇది ఊపందుకుంది.

తీసేయడం అనుకున్నంత తేలిక కాదు. నవ్వు కోసం నటులు ఒకటి రెండు సెకన్లు ఆగుతారు. నవ్వు తీసేస్తే ఆ ఖాళీ అలాగే మిగిలి, డైలాగు మరిచిపోయినట్టు కనిపిస్తుంది. కొరియా యుద్ధం మీద వచ్చిన అమెరికా సిట్‌కామ్ ‘మాష్’కు నవ్వులు ఉండాల్సిందేనని దాన్ని ప్రసారం చేసిన సీబీఎస్ ఛానల్ పట్టుబట్టింది. సిట్‌కామ్ తీసినవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఆపరేషన్ గది సీన్లలో నవ్వు వద్దని రాజీ కుదిరింది. బ్రిటన్‌లో బీబీసీ మాత్రం నవ్వులు లేకుండానే వేసింది.

నవ్వులో మాట చివర మునిగిపోతోందని సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే ఇంకో చిక్కు. నటుడు నోరు తెరవకముందే జోకు కింద అచ్చయిపోతుంది.

ప్రశ్న: పాత్రలు ఈ కాలపు భాష మాట్లాడుతున్నాయి. మధ్యయుగపు యూరప్ విందులో టమాటాలు కనిపించాయి. ఇవి తప్పులు కావా?

జవాబు: భాష తప్పు కాదు. అది రచయిత పెట్టుకున్న నియమం, మొదటి నుంచీ అందరూ అలాగే మాట్లాడితే సరే. టమాటా మాత్రం తప్పే. 1492కు ముందు యూరప్‌లో టమాటా లేదు, బంగాళాదుంపా లేదు, మిరపకాయా లేదు. కావాలని పెట్టారా, పొరపాటా అన్నది తేల్చాలంటే కథలో ఎవరైనా దాన్ని పట్టించుకున్నారేమో చూడండి. వంటవాడు ‘ఇదేం పండు?’ అంటే జోకు, ఎవరూ కిక్కురుమనకపోతే కళాదర్శకుడి ఏమరుపాటు.

ఇక కాలం లెక్క మీద రచయితలకు కొంత చనువు ఇవ్వాలి. కొరియా యుద్ధం 1950 నుంచి 1953 దాకా జరిగితే, ‘మాష్’ 1972 నుంచి 1983 వరకు 11 సీజన్లు నడిచింది.

ప్రశ్న: మా అభిప్రాయం ఛానల్‌కు ఎలా రాస్తే పనికొస్తుంది?

జవాబు: ‘బోరు’ అని రాస్తే వాళ్లు చేసేదేమీ ఉండదు. ఎపిసోడ్ నంబరు, నిమిషం, సెకను, ఎవరి డైలాగు, అక్కడ మీకు ఏం అర్థం కాలేదు: ఇంతే రాయండి. ఒక ఉత్తరంలో ఒకే ఫిర్యాదు. నవ్విన చోటు కూడా చెప్పండి, ఏది ఉంచాలో రచయితకు అది చెబుతుంది. ప్రసారమైన వారంలోపే పంపండి.