సాంకేతిక సదస్సుకు వెళ్ళాలా, ఇంట్లో కూర్చుని చూడాలా? గుంటూరు నుంచి నా అనుభవం

మీరు విజయవాడలో ఒక చిన్న కంపెనీలో డెవలపర్‌గా పనిచేస్తున్నానని, సదస్సులకు కంపెనీ ఖర్చు పెట్టదని రాశారు. ప్రసంగాలన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నప్పుడు సొంత డబ్బుతో హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళడం అవసరమా అని అడిగారు. గుంటూరులో నాదీ దాదాపు అలాంటి ఉద్యోగమే. నేను రెండు విధాలా హాజరయ్యాను. జరిగింది చెబుతాను, ఆపై నిర్ణయం మీది.

మా ఆఫీసు లక్ష్మీపురంలో ఉంది. మిర్చి శీతల గిడ్డంగులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టాడు, ఎక్కడ పెట్టాడు, అద్దె ఎంత, ఎప్పుడు తీసుకెళ్ళాడు, అంతా అందులోనే ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున్నే లారీలు బారులు తీరగానే మా సర్వర్ మొరాయించేది. 2021 సీజన్‌లో గుమాస్తాలు మళ్ళీ పుస్తకాలు తెరిచి చేత్తో రాసుకోవలసి వచ్చింది. ఎండలో నిలబడ్డ రైతుల ముందు నాకు తలెత్తుకోవడం కష్టమైంది.

కోవిడ్ వల్ల ఆ ఏడాది పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా వరుసగా రెండోసారి ఆన్‌లైన్‌లోనే జరిగింది. ఇంట్లో కూర్చుని విన్నాను. ఒక ప్రసంగం చివర చాట్‌లో నా ప్రశ్న రాశాను: డేటాబేస్‌ను అడిగే ఈ క్వెరీ చాలా నెమ్మదిగా నడుస్తోంది, ఏం చేయాలి? నిమిషంలోనే ఎవరో జవాబిచ్చారు, వెతుకులాట త్వరగా అయ్యేందుకు ఇండెక్స్ చేర్చమని ఒక లింకు కూడా పెట్టారు. నేను అడిగినదానికి అది సరైన జవాబే. నేను అడగవలసింది వేరు. ఆ సంగతి నాకే తెలియనప్పుడు, రెండు వాక్యాలు చదివిన వారికి ఎలా తెలుస్తుంది? ఇండెక్స్ చేర్చాను. 2022 లోనూ, 2023 లోనూ సర్వర్ అలాగే ఆగింది.

2023 సెప్టెంబరు చివర్లో అదే సదస్సు హైదరాబాదులో జరిగింది. తెల్లవారుజామున గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వరుసలో నా వెనక నిలబడ్డాయన మీరేం చేస్తారని అడిగితే మిర్చి గిడ్డంగుల కథంతా చెప్పాను. ఆయన ఇండెక్స్ మాట ఎత్తనే లేదు. సర్వర్ రోజంతా నెమ్మదిగా ఉంటుందా, పొద్దున మాత్రమేనా? వచ్చిన పనులు అందుకునే వర్కర్ ప్రాసెస్‌లు ఎన్ని పెట్టారు? డేటాబేస్ లాగ్‌లో ఏముంది? లాగ్ అంటే డేటాబేస్ తనలో జరిగినవి వరుసగా రాసుకునే ఫైలు. మూడోదానికి నా దగ్గర సమాధానం లేదు. నెమ్మదిగా నడిచే క్వెరీల జాబితా తప్ప పూర్తి లాగ్ నేనెన్నడూ చదవలేదు. అదృష్టం కొద్దీ ఆ ఫైలు లాప్‌టాప్‌లో ఉంది. పళ్ళెం పక్కన పెట్టి తెరిచాం. కనెక్షన్ల పరిమితి దాటిందంటూ వరుసగా పేజీల కొద్దీ ఉంది.

మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఒక ప్రాసెస్ తెరుస్తుంది. మనం మార్చకపోతే 100 కనెక్షన్ల దగ్గర ఆపేస్తుంది. మా మూడు అప్లికేషన్ల వర్కర్లు, వాటిలో సమాంతరంగా నడిచే థ్రెడ్లు లెక్కేస్తే ఒకేసారి 144 కనెక్షన్లు అడగగలవు. పొద్దున్న అందరూ ఒకేసారి వచ్చినప్పుడు మాత్రమే ఆ లెక్క నిండేది. కొద్ది కనెక్షన్లనే అందరికీ వంతులవారీగా పంచే పీజీబౌన్సర్ అనే ప్రోగ్రాంను మధ్యలో పెట్టమన్నారాయన. దాన్ని ఒక్కో లావాదేవీ అవగానే కనెక్షన్ వెనక్కి తీసుకునే ట్రాన్సాక్షన్ పద్ధతిలో నడిపితే, మేం వాడే జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో సర్వర్ వైపు కర్సర్లు అనే సదుపాయాన్ని ఆపాలని కూడా హెచ్చరించారు. 2024 సీజన్ అంతా సర్వర్ ఒక్క పొద్దుటా ఆగలేదు.

ఆ మేలు ఏ ప్రసంగం వల్లా జరగలేదు. వేదిక మీద చెప్పినవన్నీ తర్వాత యూట్యూబ్‌లోకి వచ్చాయి. అందుకే ప్రసంగాల కోసమే అయితే వెళ్ళవద్దంటాను. 2024లో బెంగళూరు సదస్సుకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీసుకున్నాను. సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తాయి. మా అక్క ఇల్లు అక్కడే. ఇంట్లో బురద ఎత్తడం, తడిసిన సామాన్లు ఆరబెట్టడం వదిలి ఎక్కడికి వెళ్ళగలం? ప్రయాణం మానుకున్నాను. ప్రసంగాలు తర్వాత తీరికగా చూశాను, వాటిలో పోగొట్టుకున్నదేమీ లేదు.

ఆన్‌లైన్‌ను నేను తక్కువ చేయడం లేదు. 2020లో అమెజాన్ వారి క్లౌడ్ సదస్సు రీఇన్వెంట్ మూడు వారాలు ఉచితంగా ఆన్‌లైన్‌లో జరిగింది. మామూలుగా అది లాస్ వెగాస్‌లో జరుగుతుంది. వీసా, విమానం ఖర్చు నాలాంటివారికి అందేవి కావు. అక్కడ ఉదయం 8 అంటే శీతాకాలంలో మనకు రాత్రి 9:30. అన్నం తిని కూర్చుంటే సరిపోయింది. కాకపోతే పగలు జరిగే సదస్సును ఆఫీసు పని చేస్తూ పక్క విండోలో పెట్టుకుంటే ఏదీ ఎక్కదు. ఆ రోజు సెలవు పెట్టండి.

వెళితే మాత్రం ఏడాదికి ఒక్కటి, అదీ రాత్రి ప్రయాణంలో చేరగలిగే ఊళ్ళో ఎంచుకోండి. నిర్వాహకులు ఆర్థిక సహాయం ఇస్తారేమో ముందే విచారించండి. మొదటి రోజు ఎవరితో మాట్లాడాలో తెలియక గోడ పక్కన నిలబడతారు, నేనూ నిలబడ్డాను. ఎరిక్ హోల్షర్ అనే డెవలపర్ చెప్పిన పాక్‌మ్యాన్ నియమం ఒకటుంది: గుంపుగా నిలబడి మాట్లాడుకునేవారు మరొకరు వచ్చి చేరేలా ఒక ఖాళీ వదలాలి. అలాంటి ఖాళీ కనిపిస్తే వెళ్ళి నిలబడండి, ఎవరూ ఏమీ అనుకోరు. మొదట కాసేపు వినండి.

మీ ఆఫీసులో నెలల తరబడి తేలని సమస్య ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని అరపేజీలో రాసుకోండి. మీరు ఊహించిన కారణం రాయకండి, ఎప్పుడు జరుగుతుంది, ఏం కనిపిస్తుంది అన్నవే రాయండి. లాగ్ ఫైలు లాప్‌టాప్‌లో పెట్టుకోండి. ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు అందులో ఉంటే బయలుదేరే ముందే తీసేయండి.