దారం బిగిస్తే వెంట్రుకలు విచ్చుకుపోతున్నాయెందుకు?

ప్రశ్న: మేము అమెరికాలోని మోంటానాలో ఉంటున్నాం. ట్రౌట్ చేపల కోసం గాలానికి వెంట్రుకలు, ఈకలు చుట్టి పురుగును పోలినట్టు చేసే ఫ్లైలను ఏడాదిగా సొంతంగా కట్టుకుంటున్నాను. కాడిస్ అనే పురుగును పోలి నీటిపై తేలే ‘ఎల్క్ హెయిర్ కాడిస్’ ఫ్లైని కట్టేటప్పుడు దారం బిగించగానే రెక్క వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుపోతున్నాయి. వదులుగా కడితే కాసేపటికే రెక్క పక్కకు తిరిగిపోతోంది. నేను వాడుతున్నది జింక పిరుదు చర్మం మీది వెంట్రుక. లోపం ఎక్కడుంది?

జవాబు: లోపం చాలావరకు వెంట్రుకను ఎంచుకోవడంలోనే ఉంది. జింక, ఎల్క్ (పెద్ద జాతి జింక) వంటి జంతువుల ఒంటి వెంట్రుకలో గాలి నిండిన చిన్న చిన్న గదులుంటాయి. చలిలో ఆ జంతువును కాపాడే ఆ గాలే మీ ఫ్లై నీటిపై తేలడానికి తోడ్పడుతుంది. అయితే దారం బిగిసినచోట ఆ గదులు నలిగి వెంట్రుక మడతపడుతుంది, కొసలు పైకి లేస్తాయి. పిరుదులు, పొట్ట మీది వెంట్రుకలకు ఈ గుణం ఎక్కువ, ముఖం, కాళ్ల మీది వాటికి బాగా తక్కువ. చిన్న చేపను పోలిన మడ్లర్ మిన్నో అనే ఫ్లై తలను ఉండలా కట్టి కత్తిరించడానికి మీ దగ్గరున్న ముక్క చక్కగా పనికివస్తుంది కనుక దాన్ని పారేయకండి. 1957లో ఫ్లైల తయారీదారు ఆల్ ట్రోత్ రూపొందించిన మీ కాడిస్‌కు మాత్రం, పేరులో ఉన్నట్టే, ఎల్క్ వెంట్రుక తెచ్చుకోండి. కొనేముందు ఒక వెంట్రుకను కట్టు పడేచోట గోటితో నొక్కి చూడండి: నిలువుగా లేచి నిలబడితే అది రెక్కకు తగదు, కొద్దిగా వంగి ఆగితే తగినదే.

ఇక కట్టే పద్ధతి. 14వ నంబరు గాలానికి అగ్గిపుల్లంత మందం గల కుచ్చు చాలు. మొదళ్ల దగ్గరి మెత్తని నూగును దువ్వెనతో పూర్తిగా తీసేయాలి, అది మిగిలితే కట్టు ఎంత బిగించినా జారుతుంది. కొసలను స్టాకర్ అనే చిన్న గొట్టంలో తట్టి సమం చేసి, గాలం వంపు దాకా వచ్చేలా కొలుచుకోండి. గాలం కాడ (నిటారు భాగం) మీద ముందే దారపు పొర ఉంటే రెక్క తిరగదు. కుచ్చును వేళ్లతో గట్టిగా పట్టుకుని, వేళ్లు వదలకుండానే రెండు చుట్లు మెత్తగా వేయండి. ఆ తర్వాతి చుట్లను వాటికి ముందువైపున, అంటే గాలం కన్ను (తాడు కట్టే రంధ్రం) వైపు, ఒక్కొక్కటిగా బిగిస్తూ వెళ్లండి. వెనక చుట్టు మెత్తగా ఉండడం వల్ల రెక్క అణిగి ఉంటుంది, ముందు చుట్లు దాన్ని కదలనివ్వవు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇక్కడ జింక వెంట్రుకలు సేకరించవచ్చా?

జవాబు: వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిలో చనిపోయి కనిపించిన జింక కూడా ప్రభుత్వ ఆస్తే. మేక వెంట్రుకలు వాడుకోండి. అవి జింక వెంట్రుకల్లా విచ్చుకోవు, ఫ్లైని తేల్చవు కనుక నీటి అడుగున చిన్న చేపలా ఈదే పొడవాటి ఫ్లైలకు బాగుంటాయి. నీటిపై తేలే వాటికి పలుచని ఫోమ్ షీటును రెక్క ఆకారంలో కత్తిరించి కట్టండి.