టెక్ సందేహాలు: బొమ్మకి మీ మెసేజ్‌లతో ఏం పని?

ప్రశ్న: యుద్ధ హెలికాప్టర్ల పెయింటింగులంటే నాకు పిచ్చి. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా అపాచీ హెలికాప్టర్ల మొదటి దాడి బొమ్మ వాల్‌పేపర్‌గా పెట్టుకుందామని ఒక లింక్ నుంచి డౌన్‌లోడ్ చేశాను. ఇన్‌స్టాల్ చేయమంటే చేశాను, అడిగిన పర్మిషన్లూ ఇచ్చాను. బొమ్మ రాలేదు, రెండు రోజులుగా ఫోన్ మాత్రం కాలిపోతోంది. బ్యాటరీ మార్పించాలా?

జవాబు: బ్యాటరీ సంగతి తర్వాత. ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇదే గోల వారం వారం వస్తోంది. ఒకరికి పెళ్లి శుభలేఖ, ఇంకొకరికి దేవుడి బొమ్మ, మీకు అపాచీ! మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫైల్ పేరు పొడుగ్గా ఉండి, చివర మూడు చుక్కలతో తెగిపోయింది. ఆ చుక్కల వెనక ఉన్నది బొమ్మ ఫైల్‌కి ఉండే జేపీజీ కాదు, ఏపీకే, అంటే ఫోన్‌లో యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్. అసలు చూడాల్సిన ఆ తోకనే దాచేసే డిజైన్ ఎవరి బుర్రలో పుట్టిందో!

అయినా బొమ్మని ఎవరైనా ఇన్‌స్టాల్ చేస్తారా? పైగా అడిగిందే తడవుగా ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు రెండూ ఇచ్చేశారు. నాకు టెన్షన్ ఆ రెండోదానితోనే. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది. అది చేతికొస్తే యాప్ మీ తెర మీదున్నది చదువుతుంది, మీ బదులు బటన్లూ నొక్కుతుంది. ఓటీపీ మీరు చూసేలోపే అవతలివాడికి చేరిపోతుంది.

సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి యాక్సెసిబిలిటీ ఆపండి, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు అధికారాలున్న యాప్‌ల) జాబితాలో ఉంటే అక్కడా తీసేయండి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మొండికేస్తే, బయటి యాప్‌లు పనిచేయని సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇంకా మంచిది. బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

ఇక లింక్ మీద మీకు ఎరగా చూపిన ఆ బొమ్మ. మిట్టమధ్యాహ్నం ఎండ, హెలికాప్టర్ పైన ఐదు రెక్కలు. అపాచీకి ఉండేవి నాలుగు. ఐదుండేది రష్యా ఎంఐ-35కి. పైగా జనవరి 17న ఇరాక్ రాడార్ల మీద అపాచీలు ఆ దాడి చేసింది తెల్లవారకముందు, చిమ్మచీకట్లో. బొమ్మలో ముందు సీటు ఖాళీ. గన్నర్ కూర్చునేది అక్కడే, పైలట్ వెనక కాస్త ఎత్తులో ఉంటాడు. ఇన్నేళ్లుగా ఇవే బొమ్మలు చూస్తున్న మీరు రెక్కలు లెక్కపెట్టి ఉంటే ఆ లింక్ నొక్కేవారే కాదు.