పాత పడవ, సగం అద్దె... తీసుకోవచ్చా?

ప్రశ్న: మేం జర్మనీలో ఉంటున్నాం. రెండు కుటుంబాలు, నలుగురు పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు. జూలై సెలవుల్లో గ్రీస్‌లో వారం రోజులు తెరచాప పడవ మీద దీవులు తిరగాలని ఆశ. ఏథెన్స్‌లో 40 అడుగుల పడవ చూశాం. మూడు గదులు, 2001 నాటిది, కొత్తవాటిలో సగం అద్దెకే ఇస్తామంటున్నారు. మాలో ఎవరికీ నడపడం రాదు. శాంటోరిని దాకా వెళ్లిరావచ్చా? పాతదని కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాతదన్న టెన్షన్ తర్వాత, ముందు దాన్ని ఎవరు నడుపుతారు? అక్కడ పడవ మీ చేతికే ఇవ్వాలంటే ఒకరికి లైసెన్సు ఉండాలి, పడవ పని తెలిసిన రెండో మనిషి కూడా ఉండాలి. కాబట్టి స్కిప్పర్, అంటే జీతానికి పడవ నడిపే మనిషి, తప్పడు. రోజుకి సుమారు 200 యూరోలు, తిండి కూడా మీదే. ఇంకో సంగతి, ఆయనకి పడుకోవడానికి చోటు కావాలి కదా! మూడు గదులూ మీరే తీసుకుంటే ఆయన మధ్య హాల్లో సోఫా మీద ముడుచుకోవాలి, పొద్దున్నే మీ పిల్లలు ఆయన తల పక్కన కూర్చుని పాలు తాగుతుంటారు. నాలుగు గదులది వెతకండి, పాతవాటిలోనూ ఉంటాయి.

శాంటోరిని మాత్రం మర్చిపోండి. ఒకవైపే రెండు వందల కిలోమీటర్ల పైమాట, పడవేమో గంటకి పది కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పైగా జూలై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరగాలి ఆ వైపు రోజుల తరబడి హోరెత్తిస్తుంది, తిరుగు ప్రయాణం దానికి ఎదురే. దాని బదులు ఏథెన్స్ దగ్గర్లోనే ఉన్న సరోనిక్ దీవులు తిరగండి, అక్కడ గాలి కాస్త తగ్గి ఉంటుంది. పిస్తాకి పేరుపడ్డ ఏజినా మూడు నాలుగు గంటల దారి, ఆ తర్వాత పోరోస్, హైడ్రా. హైడ్రాలో కార్లుండవు, సామాన్లు కంచరగాడిదల మీదే మోస్తారు, పిల్లలకి అదే పండగ.

ఇక వయసు. బాగా చూసుకున్న 2001 పడవకి వంక పెట్టక్కర్లేదు. తెరచాప స్తంభాన్ని పట్టి నిలిపే ఉక్కు తీగలు ఎప్పుడు మార్చారు, తెరచాపలు ఏ ఏటివి, బ్యాటరీలు రాత్రంతా ఫ్రిజ్‌ని నడుపుతాయా అని మెయిల్‌లో అడగండి, నోటిమాట వద్దు. అన్నిటికన్నా ముఖ్యం లంగరు లాగే మోటారు. గ్రీస్ రేవుల్లో ముందు లంగరు దింపి, పడవని వెనక్కి నడిపి గట్టుకి కడతారు, అంటే రోజూ దానితో పనే. మేం ఒకసారి ఇలాగే చవగ్గా వచ్చిందని తీసుకున్న పడవలో ఆ మోటారు హైడ్రాలోనే మొరాయించింది, నలభై మీటర్ల గొలుసు చేతుల్తో లాగాం, అరచేతులు బొబ్బలెక్కి రెండ్రోజులు అన్నం చెంచాతో తిన్నాను.

డిపాజిట్ రెండు మూడు వేల యూరోలదాకా అడుగుతారు, శుభ్రం చేసిన ఖర్చు, డీజిల్ వేరే. శనివారం సాయంత్రం పడవ తీసుకునేటప్పుడు ప్రతి గీతా, ప్రతి మరకా ఫోన్లో వీడియో తీసుకోండి. మామూలుగా శుక్రవారం సాయంత్రానికే తిరిగి రావాలి, కాబట్టి ఏడు రోజులని చెప్పేది నిజానికి ఆరే. పిల్లలకి టాయిలెట్ సంగతి ముందే చెప్పండి, దాంట్లో కాగితం కూడా వేయకూడదు. మూసుకుపోతే బాగుచేయించే ఖర్చు డిపాజిట్‌లోంచే పోతుంది.